బ్యాంకు తాళాలు ఏనాడూ పోలేదు, మరి కారు తాళాలు?

హనుమకొండ నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. వయసు 46. ప్రభుత్వ రంగ బ్యాంకులో ఆఫీసరు. బ్రాంచిలో క్యాష్ తాళాల బాధ్యత ఆమెదే. భర్తది సొంత వ్యాపారం, సరుకు కోసం తరచూ సికింద్రాబాద్ వెళ్లొస్తుంటారు. ఒక్కడే కొడుకు, ఈ ఏడాదే ఇంటర్ పూర్తయింది. ఆమె నలభై దాటాక డ్రైవింగ్ నేర్చుకుని, రెండేళ్ల కిందట స్టాఫ్ లోను మీద బటన్ నొక్కితే స్టార్టయ్యే కారు కొన్నారు. ఆర్సీ ఆమె పేరు మీదే ఉంది.

గొడవంతా ఆ కారు తాళంతోనే. కారుతో పాటు వచ్చిన రెండు తాళాల్లో ఒకటి నిరుడు కరీంనగర్‌లో పెళ్లికి వెళ్లినప్పుడు పోయింది. భోజనాల బంతిలో కూర్చున్నప్పుడు చేతిలో ఉందని గుర్తు, చేయి కడుక్కుని వచ్చేసరికి లేదు. మరిది హనుమకొండ నుంచి రెండో తాళం పట్టుకొచ్చేదాకా అందరూ ఫంక్షన్ హాల్లోనే కూర్చున్నారు. డూప్లికేట్ చేయిద్దామంటే షోరూమ్ వాళ్లు 16,000 చెప్పారట. ‘ఉన్నదాన్ని జాగ్రత్తగా చూసుకుంటే చాలదా’ అని భర్త అడ్డుపడ్డారు. అప్పటి నుంచి ఆ ఇంట్లో ఒకటే తాళం.

రెండో గొడవ మొన్న మే నెలలో, కొడుకు ఎంట్రెన్స్ పరీక్ష రోజున. తెల్లారి లేచి 40 నిమిషాలు ఇల్లంతా వెతికినా తాళం దొరకలేదు. ఒక్క నిమిషం ఆలస్యమైనా గేటు మూసేసే పరీక్ష అది. పిల్లాడు ఆటో మాట్లాడుకుని, గేటు మూసే వేళకు లోపల పడ్డాడు. సాయంత్రం ఫ్రిజ్ కింద అరలో బీరకాయల సంచీలో తాళం కనిపించింది. ‘ముందురోజు రాత్రి మార్కెట్ నుంచి వచ్చి, సంచీ అలాగే తోసేశానని అప్పుడు గుర్తొచ్చింది’ అని రాశారు. అప్పటి నుంచి ఇంటికి ఏ చుట్టం వచ్చినా భర్త ఈ బీరకాయల కథే చెప్పి నవ్విస్తున్నారట.

మూడోది జూలైలో. పొద్దున్నే భర్తను కాజీపేట స్టేషన్‌లో దించడానికి బయల్దేరారు. కారు తీసింది ఆయన. స్టేషన్ దగ్గర ఆయన దిగగానే ఈమె స్టీరింగ్ ముందుకు మారి నేరుగా బ్యాంకుకు వెళ్లిపోయారు. సాయంత్రం కారు స్టార్ట్ కాలేదు. తాళం ఆయన ప్యాంటు జేబులో సికింద్రాబాద్ చేరింది! ఫోన్ చేస్తే ‘దిగేటప్పుడు అడిగి తీసుకోవద్దా?’ అన్నారు. ఆ రాత్రే ‘ఇకమీదట తాళం నా దగ్గరే ఉంటుంది, కారు కావాలంటే అడుగు’ అని తేల్చేశారు. ఆమె ఇప్పుడు బ్యాంకుకు ఆటోలో వెళుతున్నారు.

ఉత్తరంలో ఇంకో భయం ఉంది. ఆమె తల్లికి 72 ఏళ్లప్పుడు అల్జీమర్స్ మొదలైంది. బీరువా తాళాలు బియ్యం డబ్బాలో దాచి, పనిమనిషి ఎత్తుకుపోయిందని గోల చేసేవారట. ‘ఏ వస్తువు కనపడకపోయినా అమ్మ మొహమే గుర్తొస్తోంది. నాకూ అదేనా? తాళాలు పోకుండా ఏం చేయాలి?’ అని అడిగారు. చివర్లో పేజీ అంచున చిన్న అక్షరాలతో, ‘ఆయన తాళం తీసేసుకోవడం సబబేనా? ఇది అడగవచ్చో లేదో తెలియదు’ అని రాశారు.

అడగవచ్చు. దానికి జవాబు చెప్పేముందు మిమ్మల్ని ఒకటి అడుగుతాను. మీ బ్రాంచి స్ట్రాంగ్ రూమ్ తాళం మీ చేతికి వచ్చి ఎన్నేళ్లయిందో మీరు రాయలేదు. ఆ తాళం ఒక్కసారైనా బీరకాయల్లో దొరికిందా? పెళ్లి భోజనాల్లో పోయిందా? పోయి ఉంటే ఉత్తరంలో ముందు అదే రాసేవారు. కారు తాళం పోతే ఇంట్లో మాటలు పడాలి, బ్యాంకు తాళం పోతే మెమో వస్తుంది కాబట్టి భయంతో జాగ్రత్తపడతారని మీ ఆయన అనవచ్చు. నాకైతే అది భయం పని అనిపించదు. పరీక్ష రోజు పొద్దున మీకు భయం తక్కువైందా?

బ్యాంకులో తాళం మీ జ్ఞాపకం మీద ఆధారపడదు. మీ ఒక్కరి తాళంతో ఆ తలుపు తెరుచుకోదు, రెండో ఆఫీసరు తాళం కూడా పడాలి. మీరు సెలవు పెడితే రిజిస్టర్లో రాసి, సంతకం తీసుకుని మరీ అప్పగిస్తారు. డూప్లికేట్ సెట్టు మీ బ్రాంచిలో ఉండనే ఉండదు, వేరే బ్రాంచిలో ఉంటుంది. ఇవన్నీ పెట్టినవాళ్లకు ఒక సంగతి బాగా తెలుసు. మనిషన్నాక మర్చిపోతాడు, మర్చిపోయినా పని ఆగకూడదు. మీ ఇంట్లో మాత్రం ఒకే తాళాన్ని ఇద్దరు మనుషులు వాడుతున్నారు. దానికి చోటు లేదు, చేతులు మారేటప్పుడు మాటా లేదు, డూప్లికేటూ లేదు. అలాంటి తాళం పోకుండా ఉంటేనే వింత.

మీరు రాసిన మూడు సంఘటనలనూ ఒకే గాటన కట్టేశారు. విడదీసి చూడండి. కరీంనగర్‌లో తాళం నిజంగానే పోయింది. ఫ్రిజ్‌లోది పోలేదు, మీ కూడానే ఇంట్లోకి వచ్చింది, చేయి పెట్టిన సంగతి మనసుకు అందలేదు. కాజీపేటది అసలు మీ లెక్కలోకే రాదు. తాళం జేబులో వేసుకుని రైలెక్కింది ఆయన. కాకపోతే ఆ కారు తయారైన తీరులోనూ కొంత చిక్కుంది. బటన్ స్టార్ట్ కార్లలో ఇంజన్ ఒకసారి నడవడం మొదలయ్యాక తాళం కారులోంచి బయటికి వెళ్లిపోయినా ఆగదు. నడిరోడ్డు మీద బండి ఉన్నట్టుండి ఆగిపోతే ప్రమాదమని అలా చేశారు. బీప్ మోగుతుంది, మీటరు దగ్గర తాళం లేదని గుర్తు వెలుగుతుంది, అంతే. స్టేషన్ ముందు ఆటోల హారన్ల మధ్య ఆ బీప్ ఎవరికి వినపడుతుంది? మీరు బ్యాంకు ముందు ఇంజన్ ఆపిన క్షణం నుంచీ ఆ కారు తాళం కోసం ఎదురుచూస్తూ ఉండిపోయింది. ఇకమీదట దారిలో డ్రైవరు మారితే దిగే మనిషి సీట్లోంచి లేచేముందు తాళం రెండోవారి చేతిలో పెట్టాలి. కనీసం ఎక్కిన మనిషి ఇంజన్ ఒకసారి ఆపి మళ్లీ స్టార్ట్ చేసి చూడాలి. మీకూ ఆయనకూ ఇద్దరికీ వర్తించే పద్ధతి ఇది.

ఇప్పుడు అమ్మగారి సంగతి. ఈ భయం మనసులో ఉంటే మిగతావేవీ తలకెక్కవు. ఫ్రిజ్‌లో తాళం కనపడగానే ‘సంచీ అలాగే తోసేశాను’ అని మీకు గుర్తొచ్చింది చూశారా, వచ్చిన దారి వెనక్కి నడవగలగడమంటే అదే. అమ్మగారు ఆ పని చేయలేకపోయారు. తాను దాచిన సంగతే ఆమె మనసులో లేదు కాబట్టి పనిమనిషి మీద అనుమానం వచ్చింది. మీరు ప్రతి సాయంత్రం క్యాష్ టాలీ చేసి ఇంటికి వస్తున్నారు. అడిగిందే పదేపదే అడగడం, రోజూ తిరిగే దారిలో తికమకపడటం, చేతికి అలవాటైన లెక్క తప్పడం, మాట మధ్యలో మామూలు వస్తువు పేరు దొరక్కపోవడం, ఈ మార్పులు మీకన్నా ముందు పక్క సీటువాళ్లకు కనపడటం లాంటివి ఉంటే న్యూరాలజిస్టును కలవాలి. మీ ఉత్తరంలో వీటిలో ఒక్కటీ లేదు. తల్లికి పెద్దవయసులో వచ్చిందంటే బిడ్డకు వచ్చే అవకాశం కొంత పెరుగుతుందే గానీ, వచ్చి తీరుతుందని కాదు. వంశపారంపర్యంగా నేరుగా దిగే రకం చాలా అరుదు. అది సాధారణంగా 65 ఏళ్ల లోపే బయటపడుతుంది. అమ్మగారిది ఆ తీరు కాదు.

అలాగని ఏమీ లేదని కొట్టిపారేయను. రాత్రి మూడింటికి చెమటలు పట్టి మెలకువ వస్తోందని, ఆ తర్వాత నిద్ర పట్టడం లేదని రెండో పేజీలో ఒక్క ముక్క రాసి వదిలేశారు. నెలసరి ఆగిపోయే ముందు ఏళ్లలో చాలామంది ఆడవాళ్లకు ఇది ఉంటుంది. నిద్ర చెడితే మరునాడు మతిమరుపు తప్పదు. థైరాయిడ్ తగ్గినా, విటమిన్ బి12 తగ్గినా అంతే. మీరు శాకాహారులు కూడా. రెండూ మామూలు రక్త పరీక్షలతో తేలిపోతాయి. జలుబుకో దురదకో మత్తు వచ్చే మాత్రలు తరచూ వేసుకుంటుంటే ఆ సంగతీ డాక్టరుకు చెప్పండి. కొన్ని పాతరకం మాత్రలు జ్ఞాపకాన్ని మందగింపజేస్తాయి. ముందు గైనకాలజిస్టును గానీ ఫిజిషియన్‌ను గానీ కలవండి. పరీక్షల్లో ఏదైనా బయటపడితే మందుంది, ఏమీ లేకపోతే భయం తగ్గుతుంది. వెళ్లకుండా ఊరుకుంటే మాత్రం చెంచా కనపడకపోయినా అమ్మే గుర్తొస్తారు.

ఇక తాళానికి చోటు. హాల్లో టీవీ పక్కన నెమలి బొమ్మల కొక్కేల పలక ఒకటి తగిలించానని, నాలుగు రోజులు వాడి మానేశానని రాశారు. అక్కడ పెట్టారు కాబట్టే మానేశారు. మీరు ఇంట్లోకి వచ్చే ఆ నిమిషాన్ని ఒకసారి చూసుకోండి. కుడిచేతిలో హ్యాండ్‌బ్యాగు, లంచ్ బ్యాగు. ఎడమచేతిలో కూరగాయల సంచీ, ఆ వేళ్ల మధ్యే కారు తాళం. లిఫ్టులో ఉండగానే ఫోన్ మోగుతుంది. తలుపు తీయగానే స్టవ్ మీద ఏం పెట్టాలన్న ఆలోచన. చీరకు జేబు ఉండదు. మన నాయనమ్మలు తాళాలగుత్తిని బొడ్లో దోపుకుని ఊరంతా తిరిగేవారు, వాళ్లకు ఈ బాధ లేకపోయింది. మీ చేతిలోని తాళం టీవీ దాకా వెళ్లాలంటే మధ్యలో డైనింగ్ టేబులు, సోఫా, వంటింటి గట్టు, ఫ్రిజ్ అన్నీ దాటాలి. దారిలో ఎక్కడ చేయి ఖాళీ చేయాల్సొస్తే తాళం అక్కడే దిగిపోతుంది.

అమెరికాలో నోటర్‌డామ్ యూనివర్సిటీకి చెందిన గాబ్రియెల్ రాద్వాన్‌స్కీ బృందం 2011లో దీన్ని పరీక్షించింది. ఒకే గదిలో అంతే దూరం నడిచినవాళ్ల కంటే, గుమ్మం దాటి ఇంకో గదిలోకి వెళ్లినవాళ్లు చేతిలోని వస్తువు సంగతి ఎక్కువగా మర్చిపోయారు. 2021లో ఆస్ట్రేలియాలో మళ్లీ పరీక్షిస్తే, మనసుకు అప్పటికే వేరే పని పెట్టినవాళ్లలోనే ఆ మరుపు స్పష్టంగా కనిపించింది. సాయంత్రం ఏడింటికి బ్యాంకు నుంచి ఇంటికొచ్చే ఆడమనిషి మనసు ఖాళీగా ఉంటుందా?

అందుకని తాళం గుమ్మం దగ్గరే ఆగిపోవాలి. మన ఇళ్లల్లో ప్రతి మనిషీ తప్పకుండా ఆగే చోటు ఒకటుంది, చెప్పులు విప్పే చోటు. ఎంత తొందరలో ఉన్నా, చేతిలో ఎన్ని సంచులున్నా అక్కడ ఒక క్షణం ఆగుతాం. మీ తలుపు లోపలి పక్కన, చెప్పులు విప్పినప్పుడు చేయి గోడకు ఆనించుకునే ఎత్తులో ఒక్క కొక్కెం కొట్టించండి. పలకలూ నెమళ్లూ వద్దు, ఒక్క కొక్కెం. ఎడమచేత్తో పట్టుకుంటారు కాబట్టి ఎడమవైపే. చెప్పులు విప్పేముందు తాళం తగిలించాలి, తగిలిస్తే గానీ చెప్పు కాలు వదలకూడదు. తగిలించేటప్పుడు ‘తాళం కొక్కేనికి’ అని పైకి అనండి. ఇంట్లోవాళ్లు నవ్వితే నవ్వనివ్వండి. చేయి దానంతటదే చేసే పనిని నోరు చెబితే చెవి వింటుంది, చెవి విన్నది కొంతసేపు నిలుస్తుంది. వెతికేటప్పుడు కూడా వస్తువు పేరు పైకి అనుకుంటే అది కంటికి త్వరగా తగులుతుందని 2012లో అమెరికాలో ఇద్దరు పరిశోధకులు, గ్యారీ లూప్యాన్, డేనియల్ స్వింగ్లీ, చూపించారు.

దీనికీ ఒక ఇబ్బంది ఉంది. గుమ్మం పక్కన తాళం ఉంటే తలుపు తీసి ఉన్న వేళ ఎవరైనా చేయి పెట్టవచ్చు, అందుకని తలుపు తెరిచినా బయటికి కనపడని పక్కనే కొట్టించండి. కారు గోడ అవతలే నిలిపే సొంత ఇళ్లవాళ్లకు ఇంకో చిక్కు. ఇలాంటి తాళం ఇచ్చే సిగ్నల్‌ను పరికరాలతో కారు దాకా అందించి తలుపులు తెరిచే దొంగలున్నారు. వాళ్లు తాళాన్ని మూతగల లోహపు డబ్బాలో పెట్టుకుంటే మంచిది. మీది ఐదో అంతస్తు, కారు కింద స్టిల్ట్‌లో. మీకు ఆ బెంగ అక్కర్లేదు.

బయటికెళ్లినప్పుడు కొక్కెం వెంట రాదు. హ్యాండ్‌బ్యాగు జిప్పు అరలో ఒక తాడు కుట్టించి, దాని కొసకు తాళం క్లిప్పు పెట్టుకోండి. బటన్ స్టార్ట్ కారుకు తాళం బయటికి తీయాల్సిన పనే లేదు, బ్యాగులో ఉంటే చాలు. మీరు దాన్ని చేతిలో పట్టుకు తిరగడం పాత స్కూటీ అలవాటు. కరీంనగర్‌లో అది బ్యాగులోంచి బయటికి రాకుంటే పోయేదే కాదు. ఇబ్బందల్లా, పెళ్లికి వేరే బ్యాగు మారిస్తే క్లిప్పు పాత బ్యాగులోనే ఉండిపోతుంది. ఇంటి తాళం, స్కూటీ తాళం, బీరువా తాళం అన్నీ ఒకే గుత్తికి వేశానని రాశారు. విడదీయండి. ఆ గుత్తి పోయిన రోజు కారుతో పాటు ఇంట్లోకి వెళ్లే దారీ పోతుంది.

తాళానికి తగిలిస్తే ఫోనులో దాని జాడ చూపించే ట్యాగుల గురించి అడిగారు. ఐఫోన్ ఉన్నవాళ్లకు 2021లో వచ్చిన ఎయిర్‌ట్యాగ్, శాంసంగ్ ఫోన్లకు స్మార్ట్‌ట్యాగ్, మిగతా ఆండ్రాయిడ్ ఫోన్లకు గూగుల్ నెట్‌వర్క్‌తో పనిచేసేవి వేరే ఉన్నాయి. మీ ఫోనేదో చూసుకోకుండా కొంటే డబ్బు దండగ. వీటిలో జీపీఎస్ ఉండదు. బ్లూటూత్ మీద పనిచేస్తాయి, దూరంగా పోతే ఆ పక్కనుంచి వెళ్లే అదే రకం ఫోన్ల ద్వారా జాడ చెబుతాయి. ఇంట్లో అయితే మోగించుకోవచ్చు. అయితే ఫ్రిజ్ లాంటి లోహపు పెట్టెలో ఉంటే సిగ్నల్ బాగా తగ్గుతుంది, మోత కూడా బయటికి సరిగా వినపడదు. అంటే పరీక్ష రోజున ట్యాగ్ ఉన్నా అంత తేలిగ్గా దొరికేది కాదేమో. కరీంనగర్‌లో మాత్రం బంతిలో ఏ ఆకు పక్కన పడిందో మోగి చెప్పేది. కొనుక్కోండి, తప్పులేదు. అందులో వేసే సీఆర్2032 బటన్ బ్యాటరీ ఏడాదికోసారి మార్చుకోవాలి. ఐఫోన్ అయితే ఐఓఎస్ 17 నుంచి ఒకే ట్యాగ్‌ను ఇంట్లోవాళ్లతో పంచుకోవచ్చు, ఆయనదీ ఐఫోనే అయితే అప్పుడు మీ ఆయన ఫోనులోనూ కనిపిస్తుంది. ఎవరి జేబులో ఉందన్న వాదన రాదు.

అసలు గట్టిగా చెప్పాల్సింది రెండో తాళం గురించి. 16,000 ఎక్కువే, కాదనను. ఆ డబ్బు మిగిలిందని మీ ఆయన అనుకుంటున్నారు, నాకు అలా అనిపించడం లేదు. ఇప్పుడు మీ చేతిలో పనిచేసే తాళం ఒకటుంది. చాలా కార్లలో ఉన్న తాళం సాయంతో కొత్తదాన్ని జతచేయడం తేలిక. అదీ పోతే కారును లారీ మీద వర్క్‌షాపుకు చేర్చాలి, కొన్ని మోడళ్లలో లోపలి కంప్యూటర్ భాగాల దాకా పని పడుతుంది, ఖర్చు ఎక్కడికో పోతుంది. బజారులో తాళాలు చేసేవాళ్ల దగ్గర చవగ్గా అవుతుందని మరిది చెప్పారన్నారు. తలుపు తీసే లోహపు తాళమైతే వాళ్లు కోసిస్తారు. కానీ ఇంజన్ స్టార్ట్ కావాలంటే తాళంలోని చిప్ చెప్పే సంకేతాన్ని కారు గుర్తుపట్టాలి. ఆ ప్రోగ్రామింగ్ చేసే మెషిన్లు ఇప్పుడు కొందరు బయటివాళ్ల దగ్గరా ఉన్నాయి. డబ్బు మిగులుతుంది, కానీ మీ కారు సంకేతం ఒక తెలియని మనిషి మెషిన్లోకి వెళుతుంది. కారు వారంటీలో ఉంటే బయట చేయించిన పని పేచీకి కారణం కావచ్చు. తెలిసి, నమ్మకమున్న మనిషైతే ఆలోచించండి. నేనైతే షోరూమ్‌కే వెళతాను.

వెళ్లినప్పుడు పోయిన తాళాన్ని కారు మెమరీలోంచి తీసేయమని అడగండి. ఇది చాలామందికి తెలియదు. కరీంనగర్‌లో ఆ తాళం ఎవరికి దొరికినా, అది ఇవాళ్టికీ మీ కారును తెరుస్తుంది, స్టార్ట్ కూడా చేస్తుంది.

ఇంకో సంగతి మీ ఆయనకు చెబితే 16,000 మాట మర్చిపోతారు. కారు దొంగతనం జరిగి క్లెయిమ్ పెడితే ఇన్సూరెన్స్ వాళ్లు కొన్నప్పుడు ఇచ్చిన రెండు తాళాలూ చూపించమంటారు. ఒకటే ఉంటే రెండోది ఎప్పుడు పోయింది, ఎక్కడ ఫిర్యాదు చేశారని అడుగుతారు. కాగితం లేకపోతే తాళం కారులోనే వదిలేశారని, నిర్లక్ష్యమని పేచీ పెట్టే వీలుంది. మీరు పెళ్లి రోజున ఎక్కడా ఫిర్యాదు చేయలేదు. ఇప్పుడైనా పోలీసు దగ్గర తాళం పోయిందని రాయించి రసీదు తీసుకోండి. ఏడాది ఆలస్యమైందని వాళ్లు సణిగినా కాగితం కాగితమే. ఆ నకలుతో ఇన్సూరెన్స్ కంపెనీకి ఒక ఈమెయిల్ పెట్టండి. పాలసీలో తాళం పోతే ఖర్చిచ్చే యాడ్-ఆన్ ఉందేమో కూడా చూడండి. ఉన్నా పాత నష్టానికి ఇవ్వకపోవచ్చు, రెన్యువల్‌లో చేర్చుకుంటే ముందు ముందు పనికొస్తుంది.

కొత్త తాళం వచ్చాక రెండు తాళాలనూ ఎలా పంచుకోవాలన్నది మీ ఇద్దరి ఇష్టం. తలా ఒకటి పెట్టుకోవచ్చు. అప్పుడు కాజీపేటలు జరగవు, కానీ ఎవరి తాళం పోయినా ఇంట్లో నిలవ ఉండదు, మళ్లీ మొదటికొస్తారు. లేదా ఒకటి కొక్కేనికి, రెండోది మీ ఇంట్లో కాకుండా మరిది ఇంట్లో ఉంచవచ్చు, మీ బ్యాంకు డూప్లికేట్ సెట్టు మాదిరే. కరీంనగర్ నాడు అక్కరకొచ్చింది ఆ రెండో తాళమే కదా. ఈ రెండో పద్ధతిలో ఒక కచ్చితమైన నియమం కావాలి. తాళం చేతి నుంచి చేతికి మారకూడదు, కొక్కెం నుంచి తీసుకుని కొక్కేనికే తగిలించాలి. ఆయన రాత్రి పదింటికి వచ్చి ప్యాంటుతో సహా తాళాన్ని బట్టల బుట్టలో వేస్తారని మీరే రాశారు. నియమం ఆయనకు నచ్చకపోతే తలా ఒక తాళమే నయం.

చివరికి పేజీ అంచున అడిగిన మాట. ఆయన తాళం తీసుకోవడం సబబు కాదనే నా అభిప్రాయం. ఆయన చెడ్డవారని అనడం లేదు. పరీక్ష రోజు ఆయనకూ గుండె దడదడలాడి ఉంటుంది, ఆ భయాన్ని ఇలా తీర్చుకున్నారు. కానీ జరిగిందేమిటి? మూడింటిలో ఒకటి ఆయన జేబులో పోయింది, ఇంకొకటి డూప్లికేట్ చేయించనందువల్ల ముదిరింది. శిక్ష మాత్రం మీ ఒక్కరికే పడింది. నలభై దాటాక నేర్చుకున్న డ్రైవింగ్ వాడకుండా పెడితే చేయి ఆడదు. ఆర్నెల్లు ఆటోల్లో తిరిగాక హంటర్ రోడ్డు మీద కారు తీయాలంటే భయం వేస్తుంది. అప్పుడు ‘నువ్వే వద్దన్నావుగా’ అంటారు.

ఊరుకుంటే ఇంట్లో గొడవ ఉండదు, కారు ఉండదు. గట్టిగా నిలదీస్తే తాళం రావచ్చు, బీరకాయల కథకు ఇంకో నాలుగు వాక్యాలు కలుస్తాయి. ఈ రెంటి మధ్య ఒక దారి ఉంది. ముందు కొక్కెం కొట్టించండి, కొత్త తాళం చేయించండి, పోలీసు రసీదు, ఈమెయిల్ నకలు ఫైల్లో పెట్టండి. అన్నీ అయ్యాక, చుట్టాలెవరూ లేని వేళ కూర్చోబెట్టి అడగండి. ‘ఏమండీ, కరీంనగర్‌లో పోయింది నా వల్లే, ఒప్పుకుంటాను. కాజీపేటది మాత్రం మీ ఖాతాలోది, నా ఖాతాలో ఎందుకు రాశారు? తాళానికి చోటు చేశాను, రెండోది చేయించాను. రేపటి నుంచి కారు నేనే తీసుకెళతాను.’ ఇది గొడవ పడే మాట కాదు, చేసిన పని చూపించి మాట్లాడటం. వ్యాపారం చేసే మనిషికి ఈ భాష త్వరగా అర్థమవుతుంది. అప్పటికీ కాదంటే కథ తాళంతో ఆగలేదని అర్థం. అప్పుడు మళ్లీ రాయండి, అది వేరే ఉత్తరం. బీరకాయల కథను చుట్టాల ముందు చెప్పడం మీకు బాధగా ఉందని ఆయనకు తెలుసో లేదో మీరు రాయలేదు. తెలియకపోతే అదీ ఆ రోజే చెప్పండి.

రెండో శనివారం, నాలుగో శనివారం మీకు సెలవే, సర్వీసు సెంటర్లు చాలావరకు తెరిచే ఉంటాయి. ముందురోజు ఫోన్ చేసి మీ మోడల్ తాళం స్టాకులో ఉందో, ఆర్డరు పెట్టాలో కనుక్కోండి. ఆర్సీ మీ పేరు మీద ఉంది కాబట్టి ఆయన రాలేకపోయినా మీరొక్కరే పని చేయించుకు రావచ్చు. ఆర్సీ, ఇన్సూరెన్స్ కాగితం, ఆధార్, పోలీసు రసీదు తీసుకెళ్లండి. ప్రోగ్రామింగ్‌కు కారూ కావాలి, ఇప్పుడున్న తాళమూ కావాలి, అందుకని శుక్రవారం రాత్రే ఆయన దగ్గర అడిగి తీసుకోండి.